బ్లంట్, కర్ట్, బ్రస్క్, రూడ్: అన్నిటికీ 'మొరటు' సరిపోతుందా?

అనువాదిని:

ఈ ఐదు ఇంగ్లీషు వాక్యాలకు సరైన తెలుగు కావాలి. నిఘంటువు తీస్తే తిప్పి తిప్పి అవే నాలుగు మాటలు కనిపిస్తున్నాయి: మొరటు, కటువు, పరుషం, అమర్యాద. రచయిత పనిగట్టుకుని ఐదు వేరు మాటలు వాడినప్పుడు తెలుగులోనూ ఆ తేడా తెలియాలి కదా.

'హర్ రిప్లై వాజ్ కర్ట్.'
'ద డాక్టర్ వాజ్ బ్రస్క్.'
'ఎ గ్రఫ్ ఓల్డ్ మాన్.'
'టు బి బ్లంట్, ద ప్లాన్ హాజ్ ఫెయిల్డ్.'
'డోంట్ బి రూడ్.'

దేనికి ఏది దగ్గర? వీటి పుట్టుక తెలుసుకుంటే తేడా పట్టుకోవడం సులువవుతుందా?

తెలుగు పంతులు:

పుట్టుక కొంతవరకు పనికొస్తుందండీ. కానీ అంతకంటే ముందు, ఆ మాట దేన్ని వర్ణిస్తోందో చూడాలి. కర్ట్ జవాబు పొడవు గురించి చెబుతుంది. బ్రస్క్ మనిషి హడావిడి గురించి, గ్రఫ్ గొంతు గురించి. బ్లంట్ చెప్పిన సంగతికి మెత్తదనం పూయలేదని చెబుతుంది. రూడ్ ఒక్కటే ఎదుటి మనిషికి ఇవ్వాల్సిన మర్యాద ఇవ్వలేదని నేరుగా తప్పు పడుతుంది. మిగతా నాలుగూ తప్పు కావచ్చు, కాకపోవచ్చు.

ఒకే సంగతి మీద పెట్టి చూడండి. ఒక పత్రిక సంపాదకుడు కథ తిప్పి పంపుతున్నాడు.

బ్లంట్ అయితే: "కథ బాలేదండీ. మొదటి మూడు పేజీలూ అనవసరం, ముగింపు అతకలేదు."
కర్ట్ అయితే: "వేసుకోవడం లేదు."
బ్రస్క్ అయితే: "ఆఁ, చూశాను, వేసుకోవడం లేదు, ఇంకేమైనా ఉందా? సరే, ఉంటాను."
గ్రఫ్ అయితే గొంతు గరగరలాడుతూ: "ఊఁ... ఇది కాదులే. ఇంకోటి రాసి పంపు."
రూడ్ అయితే: "ఇదీ ఒక కథేనా? ఎవరు రాయమన్నారు మిమ్మల్ని?"

బ్లంట్ మాట అన్నిటికంటే పొడుగ్గా ఉంది, గమనించండి. చాలామంది బ్లంట్ అనగానే ముక్కలు ముక్కలుగా మాట్లాడటం అనుకుంటారు. గంటసేపు బ్లంట్‌గా మాట్లాడొచ్చు. గంటసేపు కర్ట్‌గా మాట్లాడటం మాత్రం కుదరదు. గ్రఫ్ మాటలో రచయితకి ఇంకో అవకాశం కూడా ఇచ్చాడు, చూశారా? ఇంగ్లీషు కథల్లో గ్రఫ్ మనిషి చాలాసార్లు లోపల మంచివాడై ఉంటాడు. అక్కడ 'మొరటు' అని రాస్తే ఆ లోపలి మంచితనానికి దారి మూసుకుపోతుంది.

ఇక కర్ట్‌కి మన దగ్గర చక్కటి మాట ఉంది, ముక్తసరి. అరబ్బీలో 'ముఖ్తసర్' అంటే కుదించినది. ఫార్సీ, ఉర్దూల మీదుగా మనకొచ్చి, 'ముక్తసరిగా జవాబిచ్చింది' అన్నప్పుడు ఆ పొడితనం కూడా తెచ్చుకుంది. కర్ట్ కూడా అదే దారిలో వచ్చింది. లాటిన్‌లో 'కర్టుస్' అంటే పొట్టిగా కోసినది. దాని వెనకున్న ఇండో యూరోపియన్ ధాతువుకు కోయడం అని అర్థం. సంస్కృతంలో 'కృత్' ధాతువు ఆ కుటుంబానిదే. అందులోంచి కర్తరి, కర్తరి నుంచి ప్రాకృతం మీదుగా మన కత్తెర. ఇంగ్లీషు షార్ట్, షర్ట్, స్కర్ట్ కూడా ఆ బంధువులే.

కోత అనగానే 'తెగేసి చెప్పింది' అని రాయాలనిపిస్తుంది. అక్కడే పప్పులో కాలేస్తాం. తెగేసి చెప్పడం అంటే ఇక బేరం లేదని తేల్చేయడం. కర్ట్‌లో తేల్చడం ఉండక్కర్లేదు, 'ఊఁ, సరే' కూడా కర్టే. ముక్తసరి మరీ మెత్తగా ఉందనిపించి, కొంచెం విసురు కూడా కావాలంటే 'పుల్లవిరుపుగా' అనండి.

ప్రూఫ్ రీడర్:

పుల్లవిరుపు నేనైతే అబ్రప్ట్‌కి దాచుకుంటాను పంతులు గారూ. దాని పుట్టుకలోనే విరుపు ఉంది. లాటిన్ 'రుంపెరె' అంటే విరవడం, 'అబ్' అంటే విడిపోయేలా. రప్చర్, ఇంటరప్ట్, కరప్ట్, బ్యాంక్‌రప్ట్ అన్నీ ఆ కొమ్మవే. సంస్కృత 'లుప్' ధాతువు, అంటే మన లోపం, లోపసంధి, ఆ మూలంలోవే అని తులనాత్మక భాషాశాస్త్రం చెబుతుంది. సంధిలో అచ్చు పోయినట్టే, అబ్రప్ట్ మాటలో ముందు రావాల్సిన పలకరింపో, చివర రావాల్సిన వీడుకోలో లోపిస్తుంది. ఫోన్‌లో 'ఉంటానండీ' అనకుండా పెట్టేస్తే అది అబ్రప్ట్. అందులో కోపం ఉందో, బ్యాటరీ అయిపోయిందో ఆ మాట చెప్పదు.

ఒక జాగ్రత్త: టెర్స్‌ని కర్ట్ పక్కన కూర్చోబెట్టకండి. లాటిన్ 'టెర్గెరె' అంటే తుడవడం, డిటర్జెంట్ అందులోదే. టెర్స్ అంటే తుడిచి మెరుగుపెట్టినది. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు అది పొగడ్త. క్లుప్తం అన్న అర్థం పద్దెనిమిదో శతాబ్దంలో స్థిరపడింది. ఇప్పటికీ 'టెర్స్ ప్రోజ్' అంటే మెచ్చుకోలే, 'బిగువైన వచనం' అనాలి. 'టెర్స్ స్టేట్‌మెంట్' అని వార్తల్లో వస్తే మాత్రం పొడిపొడి ప్రకటన. పక్కనున్న నామవాచకం చూస్తే తేలిపోతుంది.

తెలుగు పంతులు:

ఒప్పుకుంటాను, అబ్రప్ట్‌కి పుల్లవిరుపు ఇంకా బాగా అతుకుతుంది.

బ్రస్క్ మిగిలిపోయింది. ఇటాలియన్ 'బ్రుస్కో' నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. మొదట ద్రాక్షసారాయి రుచికి వాడేవారు, నాలుకకు గీరుకునే పులుపు, వగరు. ఇప్పుడా రుచి పోయి, హడావిడిగా, ఎదుటివాడి మాట పూర్తిగా వినకుండా సాగిపోయే తీరు మిగిలింది. డాక్టరు వాక్యానికి 'మొరటుగా ఉన్నాడు' అంటే డాక్టరు మీద నింద పడుతుంది. 'మొహం చూడకుండా, హడావిడిగా మాట్లాడి పంపేశాడు' అనండి. ఇంగ్లీషు విశేషణానికి తెలుగు విశేషణమే ఇవ్వాలని పట్టుబట్టకండి. ఈ రకం మాటలకు తెలుగు బలం క్రియలో ఉంది: కసురుకోవడం, విదిలించడం, చిరచిరలాడటం, ముటముటలాడటం.

అనువాదిని:

చాలా స్పష్టంగా ఉంది పంతులు గారూ. బ్లంట్ పుట్టుక? మొద్దుకత్తికి, ముక్కుసూటి మాటకు సంబంధం ఏమిటి?

పాతపుస్తకాలు:

బ్లంట్ మూలం తేలలేదు. స్కాండినేవియన్ భాషల నుంచి వచ్చిందని ఒక ఊహ, అంతే. కానీ వాడుక నడిచిన దారి తెలుసు. మొదటి వాడుకలు కత్తి గురించి కావు, బుద్ధి గురించి: మందబుద్ధి. కత్తి అంచుకు ఆ తర్వాత వచ్చింది. మాటతీరుకు వాడటం పదహారో శతాబ్దం చివర్లో. మన 'మొద్దు' కూడా కత్తికీ బుర్రకీ రెండింటికీ సరిపోతుంది, మాటకు మాత్రం సరిపోదు. 'మొద్దు మాట' అంటే ఎవరికీ అర్థం కాదు. కాబట్టి బ్లంట్‌కి 'నిర్మొహమాటంగా', 'ముక్కుసూటిగా', 'కుండబద్దలు కొట్టినట్టు', 'ఉన్నమాట చెప్పాలంటే'. మీ నాలుగో వాక్యానికి చివరిది. 'టు బి బ్లంట్' అన్నది రాబోయే చేదుమాటకు ముందస్తు క్షమాపణ, మన 'ఏమీ అనుకోకండి' లాంటిది. అక్కడ 'కటువుగా చెప్పాలంటే' అని రాస్తే వాక్యం బిగుసుకుపోతుంది.

రూడ్ సంగతి మాత్రం కాస్త విడమరిచి చెప్పాలి, పాత ఇంగ్లీషు కవిత్వాన్ని తెలుగు చేసేవాళ్లకు ఇది పెద్ద గొయ్యి. లాటిన్ 'రుడిస్' అంటే పచ్చిది, చెక్కనిది, పని పట్టనిది. దున్నని నేలకూ, చెక్కని రాయికీ, చదువురాని మనిషికీ ఒకటే మాట. 'ఎరుడైట్' అంటే ఆ రుడిస్ స్థితిలోంచి బయటికి తెచ్చిన మనిషి, పండితుడు. 'రుడిమెంట్స్' అంటే ఓనమాలు. రూడ్, ఎరుడైట్ తోబుట్టువులు.

థామస్ గ్రే 1751లో అచ్చువేసిన 'ఎలిజీ' అనే శోకగీతం చాలామంది బడిలో చదివిందే. అందులో 'ద రూడ్ ఫోర్‌ఫాదర్స్ ఆఫ్ ద హామ్లెట్ స్లీప్' అని వస్తుంది. 'మర్యాద తెలియని పూర్వీకులు' అంటే కవిత మొత్తం తలకిందులవుతుంది. ఆ పల్లెజనం మీద గౌరవంతో రాసిన పద్యం అది. 'చదువుసంధ్యలెరుగని పల్లె పెద్దలు' అనాలి. షేక్‌స్పియర్ ఒథెల్లో సభ ముందు నిలబడి 'రూడ్ ఆమ్ ఐ ఇన్ మై స్పీచ్' అంటాడు. నేను అమర్యాదగా మాట్లాడతాను అని కాదు, మాటకు నగిషీ తెలియని సైనికుణ్ణి అని. ఆ వినయం లాగేస్తే సన్నివేశమే పోతుంది.

ఇప్పటి వాడుకలోనూ పాత అర్థం తునకలు మిగిలున్నాయి. 'రూడ్ హెల్త్' అంటే దుక్కలాంటి ఆరోగ్యం. 'రూడ్ అవేకెనింగ్' అంటే ఉలిక్కిపడేలా నిజం తెలియడం. బ్రిటిష్ ఇంగ్లీషులో 'రూడ్ జోక్' అంటే బూతు జోకు, ఇక్కడ అవమానం ఎవరికీ లేదు. అమెరికన్ రాతలో ఈ చివరిది అరుదు.

కోర్టు దుబాసీ:

ఇలాంటి పాత అర్థం కోర్టు కాగితాల్లోనూ బతికే ఉందండీ. 'ఇంపర్టినెంట్' అని కనిపించగానే 'తలపొగరు' అని రాసేస్తుంటారు. లాటిన్‌లో దాని అర్థం సంబంధించనిది. అమెరికా ఫెడరల్ సివిల్ ప్రొసీజర్ నియమాల్లో 12(ఎఫ్) కింద, దావా కాగితాల నుంచి 'ఇంపర్టినెంట్' అంశాన్ని కోర్టు కొట్టేయవచ్చు. అక్కడ అర్థం వ్యాజ్యానికి సంబంధం లేనిది అనే, ఎవరి పొగరూ కాదు. 'అప్రస్తుతం' అని రాయాలి.

ఆ అర్థం అవమానంగా ఎలా మారిందంటే, తనకు సంబంధం లేని దాంట్లో నోరు పెట్టడం వల్ల. తెలుగులో దీనికి సరితూగే మాట 'అధికప్రసంగం'. పిల్లాడు పెద్దవాళ్ల మధ్య దూరి మాట్లాడితే 'అధికప్రసంగం చేయకు' అంటాం, అది అచ్చంగా ఇంపర్టినెన్స్. ఇన్‌సొలెంట్ వేరు, దాంట్లో సంబంధం లేకపోవడం కాదు, హోదాని లెక్కచేయకపోవడం ఉంది. 'చిన్నంతరం పెద్దంతరం లేకుండా' అంటే సరిపోతుంది. ఇంపుడెంట్‌లో సిగ్గులేనితనం, లాటిన్ 'పుడెరె' అంటే సిగ్గుపడటం. సాక్ష్యం అనువదించేటప్పుడు ఈ మూడూ కలగలిపితే సాక్షి స్వభావమే మారిపోతుంది.

ప్రూఫ్ రీడర్:

మెచ్చుకోలు వైపు మాటలు కూడా ఒకసారి చూద్దాం. ఫ్రాంక్, క్యాండిడ్.

ఫ్రాంకులు ఒక జర్మానిక్ తెగ. గాల్ దేశాన్ని, అంటే ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని, వాళ్లు గెలిచాక అక్కడ పూర్తి స్వేచ్ఛ ఉన్నది వాళ్లకే, అందుకని తెగ పేరే 'స్వతంత్రుడు' అనే అర్థానికొచ్చింది. స్వతంత్రుడు భయపడకుండా మాట్లాడతాడు, అక్కడి నుంచి మనసులో మాట దాచనివాడు. తపాలా ఫ్రాంకింగ్ కూడా అదే స్వేచ్ఛ, మొదట్లో రుసుము లేకుండా పోయే ఉత్తరం. అదే తెగ పేరు అరబ్బులూ పారసీకుల నోట యూరపు వాళ్లందరికీ 'ఫరంగీ' అయి మన దేశానికొచ్చింది. తెలుగు ఫిరంగి ఆ మాటే, తెచ్చినవాళ్ల పేరు తెచ్చిన ఆయుధానికి మిగిలిపోయింది. ఆయుర్వేదంలో భావప్రకాశం అనే గ్రంథం సవాయి (సిఫిలిస్) రోగాన్ని ఫిరంగ రోగం అన్నదీ అందుకే.

క్యాండిడ్ అంటే ఇప్పుడు దాపరికం లేకుండా మాట్లాడే, మూలార్థం మాత్రం తెలుపు, మెరుపు. రోమ్‌లో ఎన్నికల్లో నిలబడేవాడు సుద్ద పట్టించిన తెల్లటి టోగా, అంటే ఒంటికి చుట్టుకునే బట్ట, కట్టుకునేవాడు, క్యాండిడేట్ అక్కడిదే. మన చంద్ర శబ్దం కూడా ఆ ధాతువు కుటుంబమే. జాగ్రత్త పడాల్సింది పద్దెనిమిదో శతాబ్దపు వాడుక దగ్గర. అప్పట్లో 'క్యాండర్' అంటే నిష్కల్మషత్వం, ఇతరుల్లో మంచే చూడటం. జేన్ ఆస్టెన్ 1813 నవల ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌లో ఎలిజబెత్ తన అక్క క్యాండర్‌ని మెచ్చుకుంటుంది, అక్క ఎవరినీ పల్లెత్తు మాట అనదని. అక్కడ 'ముక్కుసూటితనం' అని రాస్తే అక్క పాత్ర పూర్తిగా ఎదురు తిరుగుతుంది. ఇప్పటి మన పెళ్లిళ్ల క్యాండిడ్ ఫొటోల్లోది మూడో అర్థం, చూసుకోకుండా ఉన్నప్పుడు తీసినది.

తెలుగు పంతులు:

ఇంకో సంగతి చెప్పకపోతే ఈ చర్చ కుంటుతుంది. ఇంగ్లీషులో మొరటుకు ఉన్న మాటల్లో చాలావరకు పల్లె మీద వేసిన నిందలే. బూర్ అంటే రైతు, డచ్ 'బోయర్' కూడా అదే. నైబర్‌లో రెండో సగం ఆ మూలమే, దగ్గర కాపురముండేవాడు. విలన్ అంటే విల్లాలో, అంటే జమీ భూమి మీద పనిచేసే పాలేరు. చర్లిష్‌లోని చర్ల్ పాత ఇంగ్లీషులో బానిస కాదు, అట్టడుగు తరగతి స్వతంత్రుడు. ఎదురుగా, మర్యాదను చెప్పే అర్బేన్, సివిల్ రెండూ నగరం, పౌరుడు అన్న మాటల నుంచి వచ్చాయి. పొలైట్ అంటే మెరుగుపెట్టినది.

మన దగ్గర కూడా నగరం నుంచి నాగరికం, సభ నుంచి సభ్యత వచ్చాయి. గ్రామ్యం అలంకారశాస్త్రంలో కావ్యదోషం. గిడుగు రామమూర్తి కాలంలో జనం నోట ఉన్న భాషను పండితులు గ్రామ్యం అని తోసేసినప్పుడు, ఆ మాట వెనక ఈ చూపంతా ఉంది. అందుకే 'బూరిష్'కి 'పల్లెటూరి బైతు' అని రాయొద్దని నా గట్టి అభిప్రాయం. ఇంగ్లీషు పాఠకుడికి బూరిష్‌లో రైతు కనిపించడు, ఆ పోలిక ఎప్పుడో చచ్చిపోయింది. తెలుగులో 'పల్లెటూరి' అంటే పల్లె మనిషి ఎదుటే ఉన్నాడు. మూలంలో లేని అవమానం మనం చేర్చినట్టవుతుంది. 'సంస్కారం లేని' చాలు.

పల్లె మీదే కాదు, దొర మీద కూడా ఒక మాట పుట్టింది. 'సర్లీ' మొదట 'సర్'కి 'లీ' చేర్చిన మాట, దొరలాంటి, దర్పం గల అని. ఇప్పుడు పెడసరంగా, ముటముటలాడుతూ ఉండటం. చర్లిష్, సర్లీ రెండు కొసల నుంచి బయల్దేరి ఒకే చోటికి చేరాయి. అన్‌కూత్‌కి అసలు అర్థం 'తెలియనిది'. అందులోని 'కూత్' భాగం మన జ్ఞా ధాతువు బంధువు, అక్షరాలా అజ్ఞాతం.

ఇంగ్లీషు మేడం:

అనువాదం గురించి చెప్పారు, మాట్లాడే ఇంగ్లీషు గురించి నాలుగు ముక్కలు. తెలుగువాళ్ల ఇంగ్లీషు విదేశాల్లో చాలాసార్లు కర్ట్‌గా వినిపిస్తుంది, అందులో మనిషి స్వభావం తప్పేమీ లేదు. తెలుగు మర్యాద చాలావరకు మాట చివర ఉంటుంది: అండి, గారు, మీరు, రా అనకుండా రండి. 'ఫైలు పంపండి' సంపూర్ణంగా మర్యాద గల వాక్యం. దాన్ని ఇంగ్లీషులో పెట్టగానే ఆ 'అండి' రాలిపోయి 'సెండ్ ద ఫైల్' మిగులుతుంది, అది ఆజ్ఞ. 'ప్లీజ్' చేర్చినా ఆజ్ఞ పూర్తిగా పోదు. ఇంగ్లీషు మర్యాద వాక్యం మొదట్లో, ప్రశ్న రూపంలో వస్తుంది: 'కుడ్ యు సెండ్ మి ద ఫైల్?' పెద్ద పని అయితే 'వుడ్ యు మైండ్'. కాదనాల్సి వస్తే 'నో' ముందు పెట్టకుండా, 'ఐయామ్ అఫ్రెయిడ్' అని మొదలుపెట్టాలి. 'వాట్?' బదులు 'సారీ?'. 'యు ఆర్ రాంగ్' బదులు 'ఐ థింక్ దేర్ ఈజ్ ఎ మిస్టేక్ హియర్'.

ఇంకొకటి, 'ఐ టోల్డ్ యు నో' అని మన 'చెప్పాను కదా' అక్షరాలా దించితే అక్కడ నిష్ఠూరంగా వినిపిస్తుంది. మన 'కదా'లో గుర్తుచేయడం ఉంది, అక్కడ దెప్పడం వినబడుతుంది. 'యాజ్ ఐ మెన్షన్డ్' కొంచెం నయం.

అనువాదిని:

ధన్యవాదాలు మేడం. 'కాల్ ఎ స్పేడ్ ఎ స్పేడ్' కూడా ఒకచోట వచ్చింది. 'పారను పార అనడం' అని దించొచ్చా?

పాతపుస్తకాలు:

వద్దు. ఆ పార కూడా పొరపాటున వచ్చిందే. ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పిన కథలో మాసిడోనియా రాజు ఫిలిప్, మా వాళ్లు మోటుమనుషులు, తొట్టిని తొట్టి అనే అంటారు అంటాడు. గ్రీకులో 'స్కాఫే' అంటే తొట్టి, గంగాళం లాంటిది. డచ్ పండితుడు ఎరాస్మస్ లాటిన్‌లోకి తెచ్చేటప్పుడు దాన్ని తవ్వే పనిముట్టుగా పెట్టాడు. నికొలాస్ యుడాల్ 1542లో ఇంగ్లీషు చేసినప్పుడు అది స్పేడ్ అయింది. తెలుగులో 'ఉన్నదున్నట్టు' అంటే చాలు. అమెరికాలో ఉన్నవాళ్లకు ఇంకో మాట: పేకలో స్పేడ్ నలుపు కాబట్టి, 1920ల నుంచి అక్కడ ఆ మాట నల్లజాతివారిని కించపరచే తిట్టుగా కూడా నడిచింది. సామెతకు దానితో పుట్టుక సంబంధం లేదు, అయినా వినేవాళ్లకు గుచ్చుకుంటుంది. ఆఫీసు మీటింగుల్లో వాడకపోవడమే మంచిది.

అనువాదిని:

అయితే ఇలా పెడుతున్నాను, చూడండి.
'ముక్తసరిగా జవాబిచ్చింది.'
'డాక్టరు మొహం కూడా చూడకుండా హడావిడిగా మాట్లాడి పంపేశాడు.'
'బొంగురు గొంతు ముసలాయన.'
'ఉన్నమాట చెప్పాలంటే, ప్లాను దెబ్బతింది.'
'మర్యాదగా మాట్లాడు.'

ప్రూఫ్ రీడర్:

మూడోది మార్చండి. బొంగురు అంటే జలుబుకో, అరిచి అరిచో పోయిన గొంతు, ఇంగ్లీషులో హోర్స్. గ్రఫ్ మూలం డచ్ 'గ్రోఫ్', ముతక అని. ఈస్టిండియా కంపెనీ సరుకుల్లో 'గ్రఫ్ గూడ్స్' అంటే సురేకారం లాంటి ముతక బరువు సరుకు. గొంతు పోలేదు, ముతకగా ఉంది, ఆ వెనక మనిషి ఎలాంటివాడో ఇంకా తెలియదు. 'గరుకు గొంతు ముసలాయన' అనండి. అయిదోది చిన్నపిల్లతో తల్లి అంటున్న మాటైతే 'అలా మాట్లాడకూడదు', సమానులు పోట్లాడుకుంటున్నప్పుడైతే మీరు రాసిందే. తెలుగులో 'మర్యాదగా మాట్లాడు' దాదాపు బెదిరింపు, తల్లి నోట అంత గట్టిగా రాదు.